ఐపీ నోటీసు వచ్చాక మేం పెట్టుకున్న లాయరమ్మ గురించి, ఆరేళ్ళ తర్వాత

అయిదుకి నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానో కింద రాస్తాను. ఆవిడ పేరు మాత్రం రాయను. వకీళ్ళు తమ గురించి ప్రకటనలు చేసుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం ఉంది. నా రాత అలాంటి ప్రకటనలా కనిపిస్తుందేమోనని ఆవిడే వద్దన్నారు. ఊరి పేరు రాస్తే ఎవరో తెలిసిపోతుంది, అందుకని అదీ రాయడం లేదు. కోస్తాలో ఒక చిన్న టౌను, అందులో ఒక సబ్ కోర్టు, అంతవరకు చాలు. ఐపీ కేసులో, అంటే అప్పులు తీర్చలేనని ఒకరు కోర్టులో వేసే దివాలా పిటిషనులో, అప్పిచ్చినవాళ్ళ తరఫు వకీలు ఏమేం చేయాలో నాకు ముందే తెలిసుంటే నెల రోజులు అన్నం సహించక పడుకునేదాన్ని కాదు. ఇప్పుడు ఎవరింట్లోనైనా అలాంటి కవరు వచ్చి ఉంటే వాళ్ళు చదవాలని ఇదంతా రాస్తున్నాను.

మా ఆయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. చేతికొచ్చిన డబ్బులో 6 లక్షలు 2016 మే నెలలో మా వీధి చివర బట్టల షాపు అతనికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చాం. నన్ను పిన్నీ అని పిలిచేవాడు. పండక్కి బట్టలు కొంటే బిల్లు తగ్గించేవాడు. నెలకి 12 వేలు వడ్డీ వచ్చేది. మా ఆయన పింఛను మూడు వేల చిల్లర, కాబట్టి ఇల్లు గడిచేది ఆ వడ్డీ మీదే. 2018 జూలై దాకా తేదీ తప్పకుండా ఇచ్చాడు. ఆ తర్వాత రేపు మాపు అని తిప్పడం మొదలుపెట్టాడు.

2019 అక్టోబరులో రిజిస్టరు పోస్టులో లావుపాటి కవరు వచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నాను. లోపల కోర్టు కాగితాలు. పైన ఐ.పి. నెంబరు, కింద పిటిషనరు అని అతని పేరు, ఆ కింద వరసగా 34 మంది రెస్పాండెంట్లు, అంటే ఎదుటి పక్షం. నేను 17వ రెస్పాండెంటుని. డబ్బిచ్చింది మేమైతే, ముద్దాయిని రాసినట్టు నన్ను కింద రాశారేమిటని ఒళ్ళు వణికింది. మా ఇంటిపేరు తప్పు రాశారు. బాకీ 6 లక్షలకి బదులు 4 లక్షలని ఉంది. ఆస్తుల పేజీలో వంటసామాను, కట్టుబట్టలు, షాపులో రెండు చెక్క బీరువాలు, మొత్తం విలువ 18 వేలు అని రాసుకున్నాడు. మొత్తం అప్పులు 86 లక్షలట.

వీధంతా ఒకటే మాట: ఐపీ పెట్టేశాడు, ఇక పైసా రాదు. మాకు తెలిసిన ఒక వకీలుగారి దగ్గరికి వెళ్తే కాగితాలు పూర్తిగా తిప్పకుండానే అదే మాట అన్నారు. "ఐపీ పెట్టాడంటే అంతేనమ్మా, కోర్టుకి రావడం బస్సు చార్జీలు దండగ" అన్నారు. మా ఆయన ఆ రాత్రి ఒక్క మాట మాట్లాడలేదు. ముప్పై ఏళ్ళు స్టీరింగు పట్టుకుని సంపాదించిన డబ్బు అది.

ఈ లాయరమ్మ దగ్గరికి మమ్మల్ని తీసుకెళ్ళింది 22వ రెస్పాండెంటు. పాల కేంద్రం నడుపుతాడు, అతనికి రావలసింది లక్షా యాభై వేలు. ఆవిడ ఆఫీసు ఒక మేడ మీద రెండు గదులు. గుమాస్తా మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాడు. ఆవిడ పిటిషను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మా ఎదురుగానే చదివారు. నలభై నిమిషాలు పట్టింది. మధ్యలో ఫోను మోగితే ఎత్తలేదు. చదివాక అడిగినవి మూడే: ప్రోనోటు అసలు కాగితం, మేం డబ్బు తీసిన బ్యాంకు పాస్‌బుక్కు, అతని ఇంటి మీద ఈసీ, అంటే ఆ ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే కాగితం.

ప్రోనోటు చేతికిచ్చాను. ముందు వైపు ఒక్క చూపు చూసి వెంటనే వెనక్కి తిప్పారు. వెనక 2018 జూలైలో వడ్డీ చెల్లు వేసి, రెవెన్యూ స్టాంపు పక్కన అతను పెట్టిన సంతకం ఉంది. "ఇది మిమ్మల్ని కాపాడిందమ్మా" అన్నారు. ప్రోనోటుకి గడువు మూడేళ్ళు. 2016 మేలో రాసిన నోటు 2019 మే కల్లా చచ్చిపోవాలి. గడువు లోపల అతను చెల్లు రాసి సంతకం పెట్టాడు కాబట్టి ఆ తేదీ నుంచి మళ్ళీ మూడేళ్ళు లెక్క. ఆ చెల్లు రాయించిందే మా ఆయన. ప్రతిసారీ ఎందుకండీ సంతకాలు అని నేను విసుక్కునేదాన్ని.

తర్వాత వారానికి ఈసీ వచ్చింది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో తీసిన ఆ కాగితంలో చివరి వరస మీద ఆవిడ వేలు పెట్టి చూపించారు. 2018 నవంబరు 12, దఖలు దస్తావేజు (డబ్బు తీసుకోకుండా ఆస్తి రాసిచ్చే కాగితం), ఇచ్చినవారు అతను, పుచ్చుకున్నవారు అతని భార్య. దీపావళి వెళ్ళిన వారం లోపల రెండంతస్తుల ఇల్లు భార్య పేరు మీద పెట్టేశాడు. పిటిషనులో ఇంటి ఊసే లేదు. నకలు తెప్పిస్తే అందులో "నీయందు గల ప్రేమాభిమానములచే" అని రాసి ఉంది. ఆ మాటని ఆవిడ ఎర్ర పెన్నుతో గీత గీసి పెట్టుకున్నారు. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. నాలుగేళ్ళ తర్వాత కేసు ఆ గీత మీదే గెలిచాం.

ఆవిడ చెప్పే పద్ధతి గురించి కూడా రాయాలి, ఎందుకంటే నేను ఇచ్చే మార్కుల్లో సగం దానికే. మనకి చట్టం తెలియదని పైపైన చెప్పి పంపేయరు. ఒక తెల్లకాగితం తీసుకుని బొమ్మ గీసినట్టు చెప్తారు. మామూలు మనుషుల ఐపీలు ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కిందే నడుస్తున్నాయట. 2016లో కొత్త దివాలా స్మృతి వచ్చినా అందులో వ్యక్తులకి సంబంధించిన భాగం అందరికీ అమల్లోకి రాలేదు. కంపెనీల అప్పులకి పూచీ ఉన్నవాళ్ళకి మాత్రం 2019 డిసెంబరు 1 నుంచి అమలు చేశారు. మా బట్టల షాపు అతనిది వందేళ్ళ నాటి చట్టమే. అప్పు 500 రూపాయలున్నా ఐపీ వేయొచ్చని అందులో ఉంది. ఆ కాలంలో 500 అంటే ఎంతో!

ఐపీ వేసినంత మాత్రాన అప్పు రద్దు కాదు, ఆవిడ అన్నిటికన్నా ముందు నా బుర్రలోకి ఎక్కించింది ఇదే. వేయడం ఒక మెట్టు. కోర్టు విచారించి ఇతను దివాలాదారు అని ఆర్డరివ్వడం రెండో మెట్టు. ఆ ఆర్డరు వచ్చాక అతని ఆస్తి మొత్తం రిసీవరు, అంటే కోర్టు పెట్టే అధికారి, చేతికి వెళ్తుంది, పిటిషను వేసిన రోజు నుంచే వెళ్ళినట్టు లెక్క. అప్పటి నుంచి కోర్టు అనుమతి లేకుండా ఎవరికి వాళ్ళు దావాలు వేసుకోవడం, జప్తులు చేసుకోవడం కుదరదు. గట్టిగా అరిచేవాడు, ముందు పరిగెత్తినవాడు పట్టుకుపోవడం ఆగిపోయి అందరికీ దామాషాలో పంచుతారు. తాకట్టు ఉన్నవాళ్ళకి మాత్రం తమ తాకట్టు తమకే. షాపులో సరుకు బ్యాంకు లోనుకి హామీగా ఉంది కాబట్టి బ్యాంకువాళ్ళు ఆ సరుకు తీసుకుపోయారు. అదేమిటని మేం అడగడానికి లేదు. అప్పు రద్దయ్యేది ఆఖరి మెట్టులో, డిశ్చార్జి ఆర్డరు వస్తేనే. మోసంతో చేసిన అప్పు అప్పటికీ రద్దు కాదు.

చెక్కులున్నవాళ్ళకి ఇంకో దారి చెప్పారు. 9వ రెస్పాండెంటు దగ్గర అతను తేదీ వేసి ఇచ్చిన చెక్కు ఉంది. బ్యాంకులో వేస్తే తిరిగొచ్చింది. మెమో వచ్చిన 30 రోజుల్లో నోటీసు, కట్టడానికి 15 రోజులు, కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు. ఐపీ నడుస్తోందని చెక్కు కేసు ఆగదు, అది క్రిమినల్ సంగతి. ఆ 9వ రెస్పాండెంటు గడువులన్నీ పాటించి కేసు వేసుకున్నాడు. మా దగ్గర చెక్కు లేదు కాబట్టి మాకా దారి లేకపోయింది.

2019 డిసెంబరులో వకాల్తా వేశారు. 2020 ఫిబ్రవరిలో కౌంటరు, అంటే మా జవాబు, వేశారు. ఇంటిపేరు సరిచేసి, బాకీ 6 లక్షలని నోటు నకలు జతచేసి, దఖలు సంగతి బయటపెట్టారు. తర్వాత కరోనా వచ్చి కోర్టులు మూతపడ్డాయి. ఏడాదిన్నర పైగా వాయిదా మీద వాయిదా. అది ఎవరి తప్పూ కాదు. ఈ-కోర్ట్స్ యాప్ ఫోన్లో వేయించి, కేసు సీఎన్ఆర్ నెంబరు, మొత్తం పదహారు అక్షరాలు అంకెలు, నా పుస్తకంలో గుమాస్తాతో రాయించారు. అది కొడితే వాయిదా ఎప్పుడో ఇంట్లో కూర్చుని తెలుస్తుంది. ఊరికే కోర్టు చుట్టూ తిరగడం దాంతో చాలా తగ్గింది.

2021 నవంబరులో విచారణ రోజు. ఆ రోజు గురించి వివరంగా రాయకుండా ఉండలేను.

వారం ముందు ఆవిడ పిలిచి కూర్చోబెట్టారు. చట్టంలో 24వ సెక్షను ఉందిట. అప్పులవాడిని అతని నడవడి గురించి, లావాదేవీల గురించి, ఆస్తి గురించి జడ్జిగారు విచారించాలి. అది హాజరైన ఋణదాతల ఎదురుగానే జరగాలి, వాళ్ళకి అతన్ని ప్రశ్నించే హక్కుంది. "హాజరైన వాళ్ళకమ్మా. ఇంట్లో కూర్చున్నవాళ్ళకి కాదు. మీ తరఫున నేను అడుగుతాను. మీరు కూడా ఒక ప్రశ్న అడగండి. ఏమడుగుతారో ఆలోచించుకుని రండి" అన్నారు. నేను తొమ్మిదో తరగతి దాకా చదువుకున్నాను. కోర్టులో నోరెత్తడమంటే భయం. ఆరు రోజులు ఆలోచించాను.

ఆ రోజు 34 మందిలో వచ్చింది పదకొండు మంది. అతను బోనెక్కాడు. నలిగిన చొక్కా వేసుకొచ్చాడు, మా వైపు చూడలేదు. లాయరమ్మ ఈసీ చూపించి అడగడం మొదలుపెట్టారు. ఇల్లు ఎవరు కట్టించారు? తనే. ఎప్పుడు? 2011లో. భార్యకి ఉద్యోగం, వ్యాపారం ఏమైనా ఉన్నాయా? లేవు. దఖలు రాసినందుకు ఆవిడ డబ్బేమైనా ఇచ్చిందా? లేదు. దఖలు రాసే నాటికి ఎంతమందికి వడ్డీలు ఆగిపోయాయి? గుర్తులేదు. షాపు లెక్కల పుస్తకాలేవి? చెదలు తినేశాయి. 6వ రెస్పాండెంటు మీ భార్య తమ్ముడేనా? అవును. 11 లక్షలు ఎలా ఇచ్చాడు? చేబదులుగా, నగదు. ఆవిడ గొంతు ఎక్కడా పెంచలేదు. ఒక్కో జవాబూ రాయడం పూర్తయ్యేదాకా ఆగి తర్వాతది అడిగారు.

చివర్లో నా వంతు. జడ్జిగారు అడగమన్నారు. లేచి నిలబడితే మోకాళ్ళు ఆడుతున్నాయి. "బాబూ, ఆ ఏడు దీపావళి మర్నాడు నువ్వు మా ఇంటికొచ్చి ఇంకో లక్ష కావాలన్నావు. మా దగ్గర లేదన్నాం. అప్పుడు మా ఆయన నీ ఇంటి సంగతి అడిగారు. ఏం చెప్పావు?" అన్నాను. అతను తల దించుకున్నాడు. జడ్జిగారు మళ్ళీ అడిగారు. "ఇల్లు నాదే, భయం లేదు అని చెప్పాను" అన్నాడు. ఆ మాటని జడ్జిగారు అలాగే రాయించారు. అప్పటికి దఖలు రాయడానికి ఇంకా నాలుగు రోజులే ఉంది.

ఆ ప్రశ్న బాగుందని ఆవిడ మెట్ల మీద నా భుజం తట్టారు. డబ్బు వస్తుందో రాదో కానీ మూడేళ్ళుగా గుండెల మీద ఉన్న బరువు ఆ మధ్యాహ్నం సగం దిగింది. ఇంటికొచ్చాక మా ఆయన ఆ ప్రశ్నా జవాబూ నాతో రెండుసార్లు చెప్పించుకున్నారు.

2022 మార్చిలో అతన్ని దివాలాదారుగా ప్రకటించి, ఆస్తి అఫీషియల్ రిసీవరుకి అప్పగించారు. ఆర్డరు అతనికే అనుకూలంగా వచ్చిందని మా వాళ్ళలో సగం మంది నీరుకారిపోయారు. లాయరమ్మ మాత్రం మనకి కావలసింది ఇదే అన్నారు. ఈ ఆర్డరు ఉంటేనే దఖలుని కొట్టించడానికి వీలవుతుంది. పిటిషను వేయడానికి ముందు రెండేళ్ళ లోపల ఊరికే రాసిచ్చిన ఆస్తిని వెనక్కి లాగొచ్చని 53వ సెక్షను. నిజంగా డబ్బిచ్చి కొనుక్కున్నవాళ్ళకి రక్షణ ఉంది. ప్రేమాభిమానాలతో పుచ్చుకున్నవాళ్ళకి లేదు. 2018 నవంబరులో దఖలు రాసినప్పటి నుంచి 2019 సెప్టెంబరులో పిటిషను వేసే దాకా పది నెలలే. ఆ ఎర్ర గీత ఎందుకో అప్పుడర్థమైంది.

ముందుగా మా బాకీ రుజువు చేసుకోవాలి. ప్రమాణపత్రం రాయించి, నోటు, పాస్‌బుక్కు నకళ్ళు జతచేసి దాఖలు చేశారు. దాన్ని రిజిస్టరు పోస్టులో పంపినా చెల్లుతుందట. వడ్డీ దగ్గర నాకు బాధ కలిగింది. నోటులో రెండు రూపాయలని ఉన్నా, పంపకానికి మాత్రం ఏడాదికి 6 శాతం మించి లెక్క కట్టరు. అందరి బాకీలూ పూర్తిగా తీరి ఇంకా మిగిలితేనే పై వడ్డీ మాట. పద్నాలుగు నెలల వడ్డీకి 42 వేలు వేశారు. మొత్తం 6 లక్షల 42 వేలు జాబితాకెక్కింది. ఈ సంగతి ఆవిడ మొదటి రోజే చెప్పి ఉంచారు కాబట్టి తట్టుకున్నాను.

34 మందిలో రుజువు చేసుకున్నది 19 మంది. మిగతావాళ్ళలో ఇద్దరు నోట్లు పారేసుకున్నారు. ఒక ముసలాయన చనిపోయాడు, పిల్లలు పట్టించుకోలేదు. తక్కినవాళ్ళు "వచ్చేదా చచ్చేదా" అని రాలేదు. వాళ్ళింటికి నేనూ పాల కేంద్రం అతనూ రెండుసార్లు వెళ్ళి చెప్పాం. రానివాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. వాళ్ళది కూడా మాలాంటి డబ్బే. బావమరిది మాత్రం 11 లక్షలకి ప్రమాణపత్రం వేశాడు. లాయరమ్మ అభ్యంతరం వేసి బ్యాంకు కాగితాలు చూపించమన్నారు. చూపించలేకపోయాడు. అతని పేరు జాబితాలోంచి తీసేశారు. పిటిషనులో 9 లక్షల బాకీ ఉన్నట్టు రాసుకున్న అతని తోడల్లుడు అసలు మొహమే చూపించలేదు. ఆ దొంగ బాకీలు రెండూ జాబితాలో ఉండిపోయి ఉంటే మా వాటా ఎంత తగ్గేదో లెక్కేస్తే భయమేస్తుంది.

షాపులో పనిచేసిన ఇద్దరు ఆడపిల్లలకి అయిదు నెలల జీతం ఆగిపోయింది. పనివాళ్ళ జీతాలు అందరికన్నా ముందు ఇవ్వాలని చట్టంలో ఉంది. ఎంతా అంటే, నాలుగు నెలలకి కలిపి మనిషికి 20 రూపాయలు! 1920లో రాసిన అంకె అలాగే ఉండిపోయింది. మిగతా జీతం మా అందరితో పాటు వరసలో నిలబడి తీసుకోవలసిందే. ఆ పిల్లల ప్రమాణపత్రాలు లాయరమ్మ ఫీజు తీసుకోకుండా వేశారు. ఈ ఒక్క విషయానికే ఆవిడకి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. ఆ 20 రూపాయల అంకెని ఎవరైనా మార్చాలి. వందేళ్ళయింది.

ఇప్పుడు ఆ తగ్గించిన ఒక్కటి గురించి. దఖలు కొట్టేయమనే పిటిషను వేయవలసింది రిసీవరు. రుజువైన ఋణదాత అడిగినా రిసీవరు వేయనంటేనే, కోర్టు అనుమతితో ఆ ఋణదాత వేయొచ్చని 54-ఏ సెక్షను. ఆ అడగడమేదో రాతపూర్వకంగా వెంటనే అడగాలి కదా. ఆవిడ ఆఫీసు నుంచి ఆ ఉత్తరం వెళ్ళడానికే అయిదు నెలలు పట్టింది. నేను ఏడుసార్లు ఫోను చేశాను. గుమాస్తా ప్రతిసారీ అమ్మగారు హైకోర్టు పని మీద ఉన్నారన్నాడు. చివరికి ఉత్తరం వెళ్ళాక పదిహేను రోజుల్లోనే రిసీవరు పిటిషను తయారైంది. అంటే పని చిన్నదే, ఆలస్యం ఆఫీసుది. ఆ అయిదు నెలల్లో అతని భార్య ఇల్లు అమ్మకానికి పెట్టిందని పుకారొచ్చి మేమంతా నిద్రపోలేదు. ఇంకోటి, మొదటి రెండు విడతల ఫీజుకి రసీదు ఇవ్వలేదు. అడిగితే ఇచ్చారు, అడగకుండానే ఇవ్వాలి. వాయిదాకి జూనియరు అబ్బాయి వచ్చిన రోజుల్లో అతనికి కేసు సంగతి సగమే తెలిసేది. ఇవన్నీ ఆవిడ మొహం మీదే చెప్పాను. ఉత్తరం విషయంలో "తప్పు మాదేనమ్మా" అన్నారు, సాకులు చెప్పలేదు.

ఫీజు మొదట మాట్లాడుకున్నది 25 వేలు, మూడు విడతలు. దఖలు పిటిషను ఖర్చులకి అయిదుగురం కలిసి వేసుకున్నాం, నా వంతు 8 వేలు. నకళ్ళు, ప్రయాణాలు, పోస్టు ఖర్చులు నా పుస్తకంలో లెక్క చూస్తే ఇంకో 7 వేలు. మొత్తం 40 వేలు ఆరేళ్ళలో. వచ్చినదాంట్లో ఇంత శాతం ఇవ్వమని ఆవిడ అడగలేదు. అలా అడగడం వకీళ్ళకి తప్పట కూడా. బయట ఒకతను వసూలు చేసిపెడతానని సగం అడిగాడు, మనుషుల్ని పంపుతానన్నాడు. మా ఆయన గుమ్మంలోంచే పంపేశారు.

2023 జనవరిలో పిటిషను పడింది, 2024 జనవరిలో దఖలు రద్దయింది. ఆ ఏడు నవంబరులో రిసీవరు ఇల్లు వేలం వేశారు. 23 లక్షలకి పోయింది. ఇరుకు సందు, పైగా కోర్టు ఇల్లని కొనేవాళ్ళు వెనకాడారు, లేకపోతే ఇంకా రావాలి. ఖర్చులకి 1 లక్షా 40 వేలు పోను 21 లక్షల 60 వేలు మిగిలింది. రుజువైన బాకీలు 48 లక్షలు. రూపాయికి 45 పైసలు పడింది. 2025 జూన్‌లో నా చేతికి 2 లక్షల 88 వేల 900 వచ్చింది. పాల కేంద్రం అతనూ ఆ ఇద్దరు ఆడపిల్లలూ నేనూ ఒకేరోజు వెళ్ళి తీసుకున్నాం. 6 లక్షలిచ్చి దీనికి సంతోషించడమేమిటని మా మరిది అన్నాడు. పైసా రాదని చెప్పినవాళ్ళలో అతనూ ఒకడు. నేను సంతోషించాను. మా ఆయన కంటి ఆపరేషను ఆ డబ్బుతోనే చేయించాం.

కేసు ఇంకా అయిపోలేదు. అతను ఇప్పుడు డిశ్చార్జికి వేసుకున్నాడు. అది వస్తే మిగిలిన 55 పైసలూ పోతాయి. అయితే ఆస్తి రూపాయికి అర్ధరూపాయి కూడా రానప్పుడు, అది తన తప్పు వల్ల కాదని అతను నిరూపించుకోలేకపోతే, షరతుల్లేని డిశ్చార్జి ఇవ్వకూడదని 42వ సెక్షనులో ఉందిట. వ్యాపారం లెక్కల పుస్తకాలు లేకపోవడం, తీర్చలేనని తెలిసీ అప్పులు చేయడం కూడా అందులోనే ఉన్నాయి. మాది 45 దగ్గర ఆగింది. చెదలు తిన్న పుస్తకాల జవాబు రికార్డులో ఉంది. ఈసారి అభ్యంతరం కాగితం ఆవిడ ఆఫీసు నుంచి తొమ్మిది రోజుల్లో దాఖలైంది, రసీదుతో సహా. వచ్చే వాయిదా నెలాఖరున. నోటు అసలు, ఈసీ, పుస్తకం సంచిలో సర్ది పెట్టుకున్నాను. పొద్దున్నే ఏడు గంటల బస్సుకి వెళ్తాం, పాల కేంద్రం అతను పాలు పోయించడం వాళ్ళ అబ్బాయికి అప్పజెప్పి వస్తానన్నాడు.